వాక్స్వాతంత్ర్యమునకు హద్దు గీయువారెవరు?

మన దేశమున వాక్స్వాతంత్ర్యమునకు హద్దులు గీచినది రాజ్యాంగము 19వ అధికరణమని న్యాయకళాశాలలో బోధింతురు. పరీక్షలో నెగ్గుటకు అది చాలును. ఇరువదియేండ్లుగా క్రింది కోర్టుల మెట్లెక్కి దిగుచున్న నావంటి ప్లీడరునకు అది చాలదు. రాజ్యాంగము గీచినది సగము గీత. మిగిలిన సగమును న్యాయమూర్తులు తీర్పులతో పూర్తిచేసిరి. ఆ తీర్పులను ఎన్నడును చదువని ఠాణా రైటరు ఆ గీతను చెఱిపి, తనకు తోచినచోట దినదినము క్రొత్త గీత గీయుచున్నాడు. పౌరునకు తొలుత ఎదురగునది ఈ మూడవ గీతయే. మొదటి రెండింటి నీడకు చేరుటకు వానికి ఏండ్లు పట్టును. ఈలోపల ఇల్లు గుల్లయగును.

దీనికై పోలీసులను తిట్టి ఊరకుండుట తేలిక. నేనట్లు చేయబోను. తప్పు పైననే, ధర్మాసనమునందే ఆరంభమైనదని నా వాదము. చెడ్డ శాసనమును కొట్టివేయవలసిన తావున దానికి మంచి అర్థము చెప్పి బ్రతికించు అలవాటు మన న్యాయస్థానములకు పట్టుబడినది. చూచువారికి అది పౌరునిపై చూపిన దయవలె కనబడును. దయ పొందినది మాత్రము శాసనము. రాజద్రోహపు సెక్షను నడచివచ్చిన త్రోవ చూచినవారికి ఇది తేటపడగలదు.

మెకాలే 1837లో సిద్ధపఱచిన ముసాయిదాలో ఈ నేరముండెను. 1860 నాటి శిక్షాస్మృతిలో అది జాఱిపోగా, 1870లో 124ఏ అను అంకె వేసి తెచ్చి అతికించిరి. ప్రభుత్వముపై అప్రీతి పుట్టించుట నేరమనిరి. అప్రీతి యననేమో విప్పి చెప్పలేదు. ఆ పని జడ్జీలకు విడిచిరి. 1897లో 'కేసరి' వ్రాతలకై బాలగంగాధర తిలకును బొంబాయి హైకోర్టులో విచారించిన స్ట్రాచీ దొర, అప్రీతి యనగా ప్రీతి లేకుండుటయే యని జ్యూరీకి బోధించెను. ఆ లెక్కన తనను ఏలువానిని ప్రేమింపని ప్రతివాడును ద్రోహియే! జ్యూరీలోని ఆరుగురు ఐరోపావారు తిలకు దోషి యనిరి. ముగ్గురు భారతీయులు కాదనిరి. పదునెనిమిది నెలల శిక్ష పడెను. చట్టములో అప్పటికి ఒక్క అక్షరమును మాఱలేదు. ఒక్క జడ్జి నోటిమాటతో దేశములోని పత్రికలన్నిటి హద్దు ఒక్క దినమున కుంచించుకొనిపోయెను. మఱుసటి యేట ప్రభుత్వము తాపీగా సెక్షనును సవరించి, ద్వేషమును ధిక్కారమును కూడ అందు చేర్చుకొనెను.

1908లో తిలకు మరల బోనెక్కెను. ఈ మాఱు విచారించినవాడు జస్టిసు దావరు. ఈ దావరే 1897లో అదే తిలకు పక్షమున బెయిలు కోరుచు వాదించిన బారిష్టరు. నాడు బెయిలిచ్చుట న్యాయమన్న నోటితోనే నేడు ఆఱేండ్ల ప్రవాసశిక్ష చదివెను. తిలకు మాండలే చెఱసాలకు పోయెను. ఎనిమిదేండ్లు గడచిన పిమ్మట, 1916లో, హోమ్ రూలు ఉపన్యాసములకై ఆయనను పూచీకత్తు ఇమ్మని మేజిస్ట్రేటు ఉత్తరువు చేయగా, జిన్నా వాదనపై అదే హైకోర్టు దానిని రద్దుపఱచెను. ముద్దాయి ఒక్కడే, సెక్షను ఒక్కటే, కోర్టు ఒక్కటే. పీఠముపైనున్నవారు మాత్రము వేఱు. మన తెలుగునాట 1908లోనే విజయవాడ 'స్వరాజ్య' వారపత్రిక సంపాదకులు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఈ సెక్షను క్రిందనే మూడేండ్లు కఠినశిక్ష అనుభవించిరి. వారపత్రికలో ఈ విషయము వ్రాయుచు ఆ పేరు తలపకుండుట కృతఘ్నత.

ఇక 1942. వంగదేశ శాసనసభ్యుడు నిహారేందు దత్త మజుందారు ఢాకా అల్లరుల విషయమై గవర్నరును, మంత్రులను దులిపివేసినందులకు శిక్షపడగా, కేసు ఢిల్లీలోని ఫెడరల్ కోర్టునకు వచ్చెను. ప్రధాన న్యాయమూర్తి మారిస్ గ్వయర్ శిక్షను కొట్టివేసెను. ప్రభుత్వముల గాయపడిన గర్వమునకు లేపనము పూయుటకు ఈ నేరము పుట్టలేదనియు, ప్రజాశాంతికి భంగము కలిగించునట్టి, లేదా కలుగునని వివేకవంతులు తలచునట్టి మాటయే రాజద్రోహమగుననియు ఆయన నిర్ణయించెను. పరాయి ప్రభువు నియమించిన జడ్జి, యుద్ధము నడుచుచున్న దినములలో పలికిన మాట ఇది. ప్రీవీ కౌన్సిలువారికి ఇది రుచింపలేదు. 1947లో, అధికారము చేతులు మాఱుటకు కొలది నెలల ముందు, సదాశివ నారాయణ భలేరావు కేసులో వారు దీనిని త్రోసిపుచ్చిరి. సెక్షనులో శాంతిభంగమను మాట లేదు గనుక లేని మాటను చదువ వీలులేదనిరి.

ఇచ్చట పాఠకులు నన్ను అపార్థము చేసికొందురేమోయని భయపడుచునే చెప్పుచున్నాను: సెక్షనులోని మాటల అర్థమువఱకు ప్రీవీ కౌన్సిలు చెప్పినదే నిజము. గ్వయర్ హృదయము గొప్పది. ప్రీవీ కౌన్సిలు కన్ను సూటియైనది. ఆ సెక్షను చదివినవారెవరికైనను అందులో కనబడునది అప్రీతియే, శాంతిభంగము కనబడదు. అట్లగుటచేతనే అది స్వతంత్రదేశమున ఉండదగని శాసనము. మన రాజ్యాంగకర్తలు ఇది గ్రహించిరి. 1948 డిసెంబరులో కె. ఎం. మున్షీగారి సవరణపై, భావప్రకటనకు విధింపదగిన ఆంక్షల జాబితానుండి రాజద్రోహమను మాటను రాజ్యాంగపరిషత్తు తీసివేసెను. తీసివేసినది రాజ్యాంగమునుండి. శిక్షాస్మృతిలో అది చెక్కుచెదరక నిలిచెను.

1950 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానము రమేష్ థాపర్ కేసులో మంచి ఆరంభమే చేసెను. బొంబాయిలో అచ్చగు 'క్రాస్ రోడ్స్' పత్రికను మద్రాసు ప్రభుత్వము తన రాష్ట్రములోనికి రానీయననెను. నాడు మన సర్కారు జిల్లాలును రాయలసీమయు ఆ రాష్ట్రములోనివే. రాజ్యభద్రతకు ముప్పు తెచ్చు మాటను తప్ప మఱి దేనిని ఆపుటకును రాజ్యాంగము అనుమతింపదని జస్టిసు పతంజలి శాస్త్రి వ్రాసిన తీర్పుచే ఆ నిషేధము కూలెను. ఆ యేడే పంజాబు హైకోర్టు 124ఏ సెక్షనే చెల్లదనెను. ఏలికలు తత్తఱపడిరి. 1951 జూనులో మొదటి సవరణ తెచ్చి, ప్రజాశాంతి యను క్రొత్త కారణమును 19వ అధికరణములో చొప్పించిరి. ఆంక్ష సహేతుకముగా నుండవలెనను మాటను కూడ చేర్చిరనుట నిజమే. ఆ చర్చలోనే నెహ్రూగారు 124ఏ సెక్షను మిక్కిలి హేయమనియు, అది పోవలసినదేయనియు అనిరి. అని, పదునొకండేండ్ల తరువాత దానిని నిలబెట్టిన ఊతకఱ్ఱను తామే నాటిపోయిరి.

అలహాబాదు హైకోర్టు 1958లో సెక్షనును కొట్టివేసినది. వ్యవహారము 1962 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానమున అయిదుగురి ధర్మాసనము ముందు తేలినది. అదియే కేదారనాథ్ సింగ్ తీర్పు. ఉపన్యాసకులు ఉదహరించుట కెంతో ఇష్టపడు తీర్పు. ప్రభుత్వమును ఎంత తీవ్రముగా విమర్శించినను నేరము కాదనియు, హింసకు పురికొల్పుటయో, శాంతిని భంగపఱచు ఉద్దేశమో ఉన్నపుడే రాజద్రోహమనియు అందు చెప్పిరి. గ్వయర్ భాష్యమును మరల నిలబెట్టిరి. సెక్షనును ఉన్నదున్నట్లు చదివినచో రాజ్యాంగమునకు విరుద్ధమగును గనుక, విరుద్ధము కాని రీతిగా చదువుదమనిరి. అట్లు చదివి బ్రతికించిరి. కేదారనాథుని గతి యేమైనదని అడుగువారు అరుదు. ఆయన 1953 మే నెలలో బీహారులోని బరౌనీ గ్రామమున ఒక ఉపన్యాసమిచ్చెను. అధికారపక్షమును గూండాలనెను, రహస్య పోలీసులను కుక్కలనెను, విప్లవము వచ్చుననెను. ఏడాది శిక్ష పడెను. తొమ్మిదేండ్లు కోర్టులు తిరిగిన పిమ్మట ఆయన పేరుతో దేశమునకు విశాలమైన వాక్స్వాతంత్ర్యము లభించినదని చెప్పుకొందుము. ఆయన అప్పీలు మాత్రము డిస్మిసు.

భాష్యము చెప్పిన దినము మొదలు మనకు రెండు సెక్షనులు ఏర్పడినవి. తీర్పుల సంపుటములలో ఒకటి, శిక్షాస్మృతి పుస్తకములో ఒకటి. అడ్వొకేటు చదువునది మొదటిది, సబ్ ఇన్‌స్పెక్టరు చదువునది రెండవది. తెల్లదొరల కాలమున ఈ నేరమునకు వారంటు లేనిదే పట్టుకొను అధికారము పోలీసులకు లేదు. ఆ అధికారమును ధారపోసినది 1973లో మనమే చేసికొన్న క్రిమినల్ ప్రొసీజరు కోడు. పైన తీర్పు హద్దును విశాలము చేయుచుండగా క్రింద శాసనసభ సంకెలను చేతికిచ్చినది. ఈ రెంటిలో పౌరుని వాకిట ముందు నిలుచునదేదో వేఱుగ చెప్పనేల?

నేను చూచిన దొక్కటి చెప్పెదను, పేర్లక్కఱలేదు. 2022కు ముందు మాట. చెఱువు శిఖము భూముల ఆక్రమణపై ఒక చిన్న సభ జరిగెను. కార్యకర్తగా నేనును అచ్చటనే బల్లలు మోయుచుంటిని. ప్రైవేటు బడిలో పాఠములు చెప్పుకొను ఒక యువకుడు కరపత్రము చదివెను. అందు ఘాటైన మాటలుండెను. కఱ్ఱ యెత్తుమన్న మాట ఒక్కటియు లేదు. మూడవనాడు తెల్లవాఱుజామున వానిని పట్టుకొనిపోయిరి. మఱి నాలుగు సెక్షనులతో బాటు 124ఏ. రిమాండు వేళ నేను కేదారనాథ్ తీర్పు చదువబోతిని. మేజిస్ట్రేటుగారు మర్యాదగనే, అవన్నియు విచారణలో చూచుకొనవచ్చునని సెలవిచ్చి పదునాలుగు దినములకు సంతకము పెట్టిరి. దున్నపోతు ఈనెనన్న దూడను గాట కట్టివేయుమన్నట్లు! ఆయన చెడ్డవారు కారు. ఆ తీర్పు నేరనిర్ణయమునకే గాని రిమాండునకు కాదని ఆయనకు నేర్పినవారు మనమే. బెయిలు వచ్చుసరికి నలువదియొక్క దినములైనవి. మూడేండ్లకు సాక్ష్యము చాలదని కేసు మూసిరి. బడి ఉద్యోగము మొదటి వారమునందే పోయినది.

ఇది ఒక్కని కథయని త్రోసివేయ వీలులేదు. జాతీయ నేర గణాంకముల ప్రకారము 2015 మొదలు 2020 వఱకు ఆఱేండ్లలో రాజద్రోహపు కేసులు 356, అరెస్టయినవారు 548 మంది. శిక్షపడినవారు పన్నెండుగురు. తక్కినవారందఱు నిర్దోషులని నేననను; కొన్ని కేసులు విచారణకే రాలేదు. అయినను లెక్క తన మాట తాను చెప్పుచున్నది. బల్వంత్ సింగ్ కేసు చూడుడు: 1984 అక్టోబరు 31న చండీగఢ్ సినిమాహాలు ముందట ఇద్దఱు కొన్ని నినాదములు చేసిరి. జనులు చలింపలేదు, ఒక్క రాయి పడలేదు. అది నేరము కాదని సర్వోన్నత న్యాయస్థానము 1995లో చెప్పెను. పదునొకండేండ్లు! హైదరాబాదునుండి వెళ్లిన బిలాల్ అహ్మద్ కాలూ కేసులో 1997లో ఈ సెక్షను క్రింది శిక్షను రద్దుచేయుచు, ఇంతటి ఘోరమైన నేరములను యాంత్రికముగ రుజువైనవనుట తగదని క్రింది కోర్టును మందలించిరి. మందలింపు 1997లోనిది. నేను చెప్పిన రిమాండు దానికి రెండు దశాబ్దముల తరువాతిది.

కొట్టివేసిన శాసనము సయితము సులువుగ చావదని ఒకరు నాకు ఎదురుచెప్పవచ్చును. నిజమే. సమాచార సాంకేతిక చట్టము 66ఏ సెక్షనును 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో జస్టిసు నారిమన్, మన తెలుగువారైన జస్టిసు చెలమేశ్వర్ కూడి కొట్టివేసిరి. చర్చ వేఱు, ప్రచారము వేఱు, పురికొల్పుట వేఱు అని వారు చేసిన విభాగము చక్కనిది. ఆఱేండ్లు గడచినను ఆ సెక్షను క్రింద కేసులు పెట్టుచునే యున్నారని 2021లో తెలిసి ధర్మాసనము నివ్వెఱపోయెను. పుస్తకములో సెక్షను అచ్చుగనే యున్నదనియు, కొట్టివేసిన సంగతి అడుగున చిన్న అక్షరములలో నున్నదనియు అటార్నీ జనరలు వివరించిరి. చచ్చిన సెక్షను చేయు చేటే ఇంతయైనపుడు, సన్నని అర్థము చెప్పి బ్రతికించిన సెక్షను ఎంత చేయునో ఊహింపుడు. అచ్చులోని మాటను చదువువానికి అచ్చులో లేని భాష్యము అందదు.

దీనికి విరుగుడేదో 2022 మే 11న కొంత కనబడినది. ప్రధాన న్యాయమూర్తి ఎన్. వి. రమణగారి ధర్మాసనము, ప్రభుత్వము పునఃపరిశీలన ముగించువఱకు 124ఏ క్రింద క్రొత్త కేసులు నమోదు చేయరాదని తన ఆకాంక్షగా తెలిపి, నడుచుచున్న విచారణలను నిలిపివేసెను. వడ్రంగికి చెట్టు కొట్టుటకు ఱంపమిచ్చిన అడవినంతను కొట్టివేసినట్లున్నదని అంతకు ముందటియేడు రమణగారు అనియుండిరి. అందులో కొత్త సిద్ధాంతమేమియు లేదు, ఘనమైన భాష్యమును లేదు. మాట సూటిగా ఠాణాకు చెప్పిరి. అరువదియేండ్ల వ్యాఖ్యానము చేయలేని పని కొన్ని పుటల మధ్యంతరపు ఉత్తరువు చేసెను.

ఆ పునఃపరిశీలన ఫలమేమి? 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చెను. రాజద్రోహము పోయినదని చాటింపు వేసిరి. 152వ సెక్షను విప్పి చూడుడు. ప్రభుత్వమను మాట పోయి దేశ సార్వభౌమత్వము, ఐక్యత, అఖండత వచ్చినవి. ప్రభుత్వముపై అప్రీతి అను పాతమాట పోవుట మేలే, కాదనను. కాని యావజ్జీవము కానిచో మూడేండ్లు మించని శిక్ష ఇప్పుడు ఏడేండ్లకు పెరిగినది. సాయుధ తిరుగుబాటును రెచ్చగొట్టుటతో ఆపక, విధ్వంసక చర్యలనియు, వేర్పాటు చర్యల భావములను ప్రోత్సహించుటయనియు చేర్చిరి. ఈ మాటలకు నిర్వచనము లేదు. 1870లో అప్రీతికిని లేదు.

తెలుగువాడు ఈ వేర్పాటు అను మాటవద్ద ఒక క్షణము నిలువవలెను. శాసనము ఉద్దేశించినది దేశమునుండి విడిపోవుటయేయని నేనెఱుగుదును. అయినను మన నోట ఆ మాటకున్న చరిత్ర వేఱు. పొట్టి శ్రీరాములుగారు 1952లో ప్రాణమర్పించినది మద్రాసునుండి వేఱు రాష్ట్రమునకై. 2014లో ఏర్పడిన తెలంగాణము కొఱకు పోరాడినవారిని, పోరు జరిగినన్నాళ్లు ఎదుటిపక్షమువారును కొన్ని పత్రికలును వేర్పాటువాదులనియే పిలిచిరి. ఆ రెండు కోర్కెలును రాజ్యాంగమునకు లోబడినవే, రాజ్యాంగము ద్వారానే నెఱవేఱినవి. రేపు మఱియొక ప్రాంతమువారు తమకును రాష్ట్రము కావలెనని సభచేసినపుడు, తెలుగులో ఆలోచించు ఠాణా రైటరు ఆ సభకు ఏ సెక్షను వ్రాయునో ఎవరు పూచీ?

2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సర్వోన్నత న్యాయస్థానము ఒక పద్యమునకై గుజరాతు పోలీసులు పెట్టిన కేసును కొట్టివేసెను. మాటవలన కలుగు ఫలమును పిఱికివాని గుండెతో తూచరాదనియు, ధీరుడైన వివేకి దృష్టితో తూచవలెననియు చెప్పెను. ఇట్టి కేసులలో పై అధికారి అనుమతితో ప్రాథమిక విచారణ జరిపి, ఆ మీదట నమోదు చేయుట తగుననెను. మేలైన తీర్పు. మిత్రులు కొందఱు సంబరపడిరి. నేను ప్రక్రియాచట్టము తెఱచి 173వ సెక్షను మూడవ ఉపవిభాగము చూచితిని. ప్రాథమిక విచారణ వెసులుబాటు మూడేండ్లకు తక్కువ గాక, ఏడేండ్లకు లోబడిన శిక్షగల నేరములకే. 152వ సెక్షను శిక్ష ఏడేండ్లు, యావజ్జీవము. అనగా అన్నిటికంటె ప్రమాదమైన సెక్షనునకే ఆ రక్షణ అందదు. తలుపు బిగించి గోడ మఱచిరి.

దేశభద్రతకు చట్టము వలదా యని అడుగువారికి ఒక్కమాట. దేశముపై యుద్ధము చేయువానికి ఆ సంహితలోనే 147వ సెక్షను కలదు. 1967 నాటి చట్టవ్యతిరేక కార్యకలాపముల నిరోధక చట్టము కలదు. దాని కాఠిన్యము జగమెఱిగినదే. కత్తి పట్టినవానిని పట్టుకొనుటకు మాట పట్టినవాని సెక్షను అక్కఱలేదు.

పాత 124ఏ చెల్లుబాటును 2023 సెప్టెంబరులో అయిదుగురికి తక్కువ కాని ధర్మాసనమునకు అప్పగించిరి. 152ను సవాలు చేయు పిటిషనుపై 2025 ఆగస్టులో నోటీసులిచ్చిరి. అచ్చట వాదించు పెద్దలకు నా విన్నపమిది: భాష్యము అడుగకుడు. సంకుచితముగా చదువుడని ప్రార్థింపకుడు. అట్లు ప్రార్థించినచో మనకు మఱియొక 1962 లభించును. అందమైన పేరాలు, నిండిన చెఱసాలలు. అచ్చులోనున్న మాటలను అచ్చులోనున్నట్లే ధర్మాసనము ముందు పెట్టి, నిలుచునా కూలునా అని తేల్చుమనుడు. ఈలోపల, మాటకై పట్టుబడినవానిని రిమాండునకు పంపు ప్రతి మేజిస్ట్రేటును, నేరమనదగిన వాక్యమేదో, అందు హింసకు పిలుపు ఎచ్చటనున్నదో స్వహస్తముతో వ్రాసి సంతకము చేయునట్లు హైకోర్టులు ఉత్తరువిచ్చినచో చాలును. వ్రాయవలసి వచ్చినపుడు చేయి కొంచెము తడబడును.

ఆ బడిపంతులు సంగతి ముగింపలేదు. ఇప్పుడు ట్యూషనులు చెప్పుకొనుచున్నాడు. సభలకు వచ్చుచునే యున్నాడు. కరపత్రము ఏదైన వ్రాసినచో అచ్చునకిచ్చుటకు ముందు నావద్దకు తెచ్చును. నేను కలము తీసికొని కూర్చుందును. మొన్న తెచ్చినదానిలో రెండు వాక్యములు కొట్టివేసితిని. ఏ తీర్పు ప్రకారము చూచినను అవి నేరము కావు. వాడు నన్ను కారణమడుగలేదు.